ఆరో మంచం తాత కట్టు మీద నల్లటి వేలిముద్ర

"నా కళ్లుగప్పి ఈ ఆసుపత్రిలో చీమ కూడా నేరం చెయ్యలేదక్కా! పరిశోధన నా నెత్తుటిలోనే ఉంది."

"నీ నెత్తుట్లో ఏముందో తర్వాత పరీక్ష చేయిద్దాం గానీ, ముందు ఆ కేసు షీట్లు అక్కడ పెట్టు" అంది హెడ్ నర్సు.

రికార్డు గదిలో గుమస్తాగా ఉన్న ఆమె తమ్ముణ్ణి వార్డంతా 'డిటెక్టివ్' అనే పిలుస్తుంది. ఆ పూట ఆమెకు నవ్వు రాలేదు. వారంలో ముగ్గురికి ఆపరేషన్ గాయాలు చీముపట్టాయి. ఆరో మంచం తాతకైతే జ్వరం నూట మూడు. నర్సులు చేతులు కడుక్కుంటున్నారో లేదో పక్కనే నిలబడి చూసింది. డాక్టర్ని కూడా వదల్లేదు. లోపం ఎక్కడో అంతుపట్టలేదు.

"ఇందులో ఎవరిదో చెయ్యి ఉంది" డిటెక్టివ్ గొంతు తగ్గించాడు. "మందుల్లో విషం కలుపుతున్నారు!"

ఆమె అటు తిరగ్గానే జిరాక్స్ మెషిన్ నల్లపొడి తెచ్చి ముట్టుకున్నవాడి వేళ్లకు అంటుకునేలా మందుల బీరువా పిడికి దట్టంగా పులిమాడు. చేతులు చొక్కాకు తుడుచుకుని, విచారణకు బయల్దేరాడు.

మధ్యాహ్నానికి వార్డు దద్దరిల్లింది.

"దొరికాడక్కా! మంచం కమ్మీల మీద వేలిముద్రలు! దిండు మీద! చివరికి తాత కట్టు మీద కూడా!"

"కట్టు మీదా?" ఆమె గబగబా ఆరో మంచం దగ్గరికి వెళ్లింది. పొద్దున తానే మార్చిన కట్టు అది.

తాత నీరసంగా కళ్లు తెరిచాడు. "మీవాడేనమ్మా. ఆధారాలంటూ కట్టు ఎత్తి గాయం నొక్కి చూశాడు. నాకంటే ముందు ఆ రెండో మంచమాయన్ది చూశాడు. వారం నుంచీ రోజూ ఇదే వరస."

"ఏదీ, చేతులు చూపించు."

ప్యాంటు జేబుల్లోంచి రెండు చేతులూ మెల్లగా బయటికొచ్చాయి. నల్లగా, బొగ్గు తోడినట్టు.

డిటెక్టివ్ తన చేతుల వంక, తాత వంక చూశాడు. మొహం పాలిపోయింది. "నేనా అక్కా?"

ఆమె తమ్ముడి చెవి పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్లి సబ్బు చేతిలో పెట్టింది.

"ఎంతసేపు రుద్దాలి?"

"ఇవాళ కనపడేది పోయేదాకా. రేపట్నుంచి కనపడనిది పోయేదాకా. ఇంకోసారి కట్టు ముట్టుకున్నావో, చూడు!"

నాలుగో రోజుకు తాత జ్వరం దిగింది. అప్పుడుగానీ డిటెక్టివ్‌కు అన్నం సయించలేదు. తిన్నాక డైరీ తీసి, "కేసు తేలింది. నేరస్థుణ్ణి నేనే పట్టుకున్నాను" అని రాసుకున్నాడు. పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలేశాడు.