గులాబీ చుక్క విదేశీయానం

మన మంచినీటి చెరువులో రేడియేషన్‌కు కూడా చావని కొత్త బాక్టీరియా దొరికిందనీ, ఇది మన ప్రభుత్వ పటిష్ఠతకు ప్రకృతి ఇచ్చిన కితాబనీ సైన్సు మంత్రిగారు పత్రికలవారికి ప్రకటించారు. ప్రయోగశాలలో అంత లోతైన మాట మాకెవరికీ తట్టలేదు. నేనక్కడ గాజుసామాను కడుగుతాను.

కనిపెట్టింది మా మేడమ్. నాలుగేళ్ళపాటు చెరువునీళ్ళు తెచ్చి రేడియేషన్ పెట్టారు. అన్నీ చచ్చాయి. ఒక్కటి మాత్రం ప్లేటు మీద గులాబీరంగు చుక్కలా మిగిలింది. దానికి వాళ్ళ నాన్నగారి పేరు పెట్టాలని ఆవిడ ఆశ. ఆయన ఆ చెరువు పంపుహౌస్‌లోనే ముప్పై ఏళ్ళు పనిచేసి పోయారు.

అయితే కొత్త జాతి అని లోకం ఒప్పుకోవాలంటే, బతికున్న బాక్టీరియాను రెండు వేర్వేరు దేశాల్లో భద్రపరచాలట. బయటికి పంపడానికి మంత్రిగారి సంతకం కావాలి. మేడమ్ ఫైలు పట్టుకున్నారు, నేను ట్యూబు పట్టుకున్నాను, వెళ్ళాం.

"మన బాక్టీరియా పరాయి దేశం ఎందుకెళ్ళాలమ్మా? ఇక్కడ దానికేం తక్కువ చేశాం?" అన్నారు మంత్రిగారు.

"రూలండీ. పంపకపోతే పేరు రాదు."

"పోనీ, ఒక్కదాన్ని పంపండి."

"ఈ ట్యూబులోనే కోట్లున్నాయండీ."

మంత్రిగారు ట్యూబు వంక చాలాసేపు చూశారు. "కోట్లమంది ఒక్కసారి వెళ్ళిపోతే జనం ఏమనుకుంటారు? మన పాలన భరించలేక పోతున్నారనరూ?"

ఆ దూరదృష్టికి ముగ్ధులై కార్యదర్శిగారు అప్పటికప్పుడే సూక్ష్మజీవుల వలస నివారణ కమిటీ వేశారు.

"అది తిరిగొస్తుందని హామీ ఎవరిస్తారు?" అని అడిగింది కమిటీ.

"నేనిస్తానండీ" అన్నారు మేడమ్.

"మీకెవరు హామీ?"

నేనున్నానన్నాను. నా హోదా కనుక్కుని, వాయిదా వేశారు.

పదకొండు నెలలు గడిచాయి. మేడమ్ ఎప్పుడు ఫోన్ చేసినా కమిటీవారు "ఫైలు కదులుతోందండీ" అనేవారు. అబద్ధమని అనలేం. ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి కదులుతూనే ఉంది.

ఈలోగా వానలు పడి చెరువు పొర్లింది. నీళ్ళు ఏట్లో కలిశాయి. ఏరు పక్కదేశంలోకి పోతుంది. దాన్ని ఆపే అధికారం కమిటీకి లేదు. అక్కడి శాస్త్రవేత్త ఒకాయన ఆ ఏటినీళ్ళకు రేడియేషన్ పెడితే గులాబీ చుక్క మిగిలింది. వాళ్ళ మంత్రి రెండ్రోజుల్లో సంతకం పెట్టేశారట. ఆ శాస్త్రవేత్త దానికి వాళ్ళావిడ పేరు పెట్టుకున్నారు.

మేడమ్ ఆయన రాసిన వ్యాసం రెండుసార్లు చదివారు. "ఆయన్ని అనడానికేం లేదు బాబాయ్, పని శుభ్రంగా చేశాడు" అన్నారు. ఆ పూట తన గాజుసామాను తనే కడుక్కున్నారు. 

మంత్రిగారు మాత్రం చలించలేదు. స్వయంగా పక్కదేశం వెళ్ళి, విజ్ఞాన సహకార ఒప్పందం కుదుర్చుకుని, ఆ ప్రపంచప్రసిద్ధ బాక్టీరియాను ఒక ట్యూబు సాధించుకొచ్చారు. విమానాశ్రయంలో బ్యాండు వాయించారు. ఆయన కెమెరాలవైపు తిరిగి ట్యూబును మేడమ్ చేతిలో పెట్టారు.

"ఇలాంటిది మన దేశంలో లేదమ్మా. కంటికి రెప్పలా చూసుకోవాలి."

"అలాగేనండీ" అన్నారు మేడమ్.

ప్రయోగశాలకొచ్చి ఫ్రిజ్ తెరిచారు. లోపల మన చెరువువి నలభై ట్యూబులున్నాయి. వాటి సరసనే దీన్నీ నిలబెట్టారు. కలిసిపోతాయని నేను చీటీ రాయబోయాను.

"చీటీ ఎందుకులే బాబాయ్" అన్నారు. "అందరూ ఒక ఇంటివాళ్ళే."