మంచం నంబరు లేని జబ్బు

డిప్రెషన్‌ను పది నిమిషాల్లో మాయం చేసే చోటు ఒకటుంది, తెలుసా మీకు? అక్కడ డాక్టర్లుండరు, మందులుండవు. ఒక కౌంటరు, ఒక గుమాస్తా, ఒక రబ్బరు స్టాంపు, అంతే! దాన్నే వైకల్య భృతి కార్యాలయం అంటారు. ఆ ఆఫీసును తిట్టిపోసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మనుషులన్నాక కాస్త కృతజ్ఞత ఉండొద్దూ!

మా బావ సంగతే తీసుకోండి. మా అక్క మొగుడు, దర్జీ. ఆయన కుట్టిన కోటు తొడుక్కున్నవాడు అద్దం ముందు నుంచి ఓ పట్టాన కదిలేవాడు కాదు. అలాంటి మనిషి ఎనిమిది నెలలుగా మిషన్ ముట్టలేదు. కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తాడు. ఆయన్ను స్నానానికి లేపేసరికి అక్కకు తలప్రాణం తోకకొస్తుంది. పదిహేను రోజులకోసారి డాక్టరు దగ్గరికి వెళ్లి, మాట్లాడి, మాత్రలు తెచ్చుకుంటాడు.

"ఇంకో ఆర్నెల్లు పని ఊసెత్తకండి. భృతికి పెట్టుకోండి," అన్నాడు డాక్టరు. ఆ భృతి వస్తేనే ఆయన కుదురుగా వైద్యం చేయించుకోగలిగేది. అందుకని ముగ్గురం బయల్దేరాం. అక్క ఆయనకు పాత పని చొక్కా తొడిగింది.

ఆ ఆఫీసు రూల్ ఎంత గొప్పదో చూడండి. దరఖాస్తుదారు స్వయంగా రావాలి. రాకపోతే దరఖాస్తు రద్దు. వస్తే మాత్రం, ఇంత దూరం రాగలిగినవాడికి జబ్బేమిటి? ఇంత పకడ్బందీగా ఆలోచించిన మహానుభావుడెవరో గానీ సాష్టాంగపడాలి!

"మంచం నంబరేది?" అన్నాడు గుమాస్తా, ఫారంలో పద్నాలుగో గడి చూపిస్తూ.

"ఆస్పత్రిలో చేర్చలేదండీ. ఇంటి దగ్గరే ఉండి మందులు వాడుతున్నారు," అంది అక్క.

"మంచమే లేకుండా జబ్బెలా వచ్చిందమ్మా?"

ఎంత లోతైన ప్రశ్న! కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది. మనసు విరిగినవాడికి కనీసం మంచమైనా కనిపించాలి కదా! మా ముందున్న పెద్దాయన తెలివైనవాడు. ఇంట్లో మంచానికే సుద్దముక్కతో నంబరు వేసి ఫోటో తీసుకొచ్చాడు. దుప్పటి నలగలేదని తిప్పి పంపారు. ఇంత నిశితంగా చూసే డాక్టరు మీకెక్కడైనా దొరుకుతాడా?

అక్క ఊరుకోలేదు. డాక్టరు రాసిన కాగితాలన్నీ కౌంటరు మీద పరిచింది. గుమాస్తా చదివాడు. కాస్త మెత్తబడ్డాడు. పద్నాలుగో గడిలో ఒక గీత గీసి, మంజూరు స్టాంపు చేతిలోకి కూడా తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మా బావ తలెత్తాడు. గుమాస్తా చొక్కా చేతి గుండీ ఒక్క పోగు మీద వేలాడుతోంది.

"ఊడిపోతుందండీ," అన్నాడు. ఆ వారంలో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

దర్జీలకు కాలరు మడతలో సూది గుచ్చుకునే అలవాటు. దారంతో సహా అక్కడే ఉంది. ఆయన గుమాస్తా చెయ్యి పట్టుకుని గుండీకి నాలుగు కుట్లు వేసి, ముడేసి, దారం పళ్లతో తెంపాడు. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్లనిండా నీళ్లు.

గుమాస్తా గుండీని లాగి చూశాడు. "భలే కుట్టారండీ!" అని మెచ్చుకుని ఫారం మీద రాశాడు: "చేతులు చక్కగా పనిచేస్తున్నాయి. పనికి అర్హుడు." చేతిలోని స్టాంపు పక్కన పెట్టి, రెండో స్టాంపు తీసుకుని ఠపీమని గుద్దాడు. చెప్పానా, పది నిమిషాలని!

గుండీ సంగతి విని డాక్టరు మాత్రం ఎగిరి గంతేశాడు. "మందు పనిచేస్తోందనడానికి ఇదే మొదటి గుర్తు. ఇప్పుడు మాత్రం తొందరపెట్టొద్దు," అన్నాడు. పాపం, ఆయనకేం తెలుసు? మందు పనిచేస్తే జబ్బు లేనట్టు, పనిచేయకపోతే మంచం ఎక్కాల్సినట్టు!

అప్పీలు విచారణ సోమవారం. ఆఫీసువాళ్లు ఇంటికొచ్చి చూసిపోతారట. అక్క ఇంట్లో ఉన్న సూదులన్నీ ఏరి, డబ్బాలో వేసి, బీరువాలో పెట్టి తాళం వేసింది.

నిన్న పొద్దున మా బావ కుర్చీలోంచి లేచాడు. ఎవరూ లేపలేదు. మిషన్ మీది దుమ్ము అరచేత్తో తుడిచి, "సూదేదే?" అని అడిగాడు.

ఆ మాట కోసం ఎనిమిది నెలలు ఎదురుచూసిన మా అక్క, "కనిపించట్లేదండీ. సోమవారం దాకా కూర్చోండి," అంది.

ఆయన వెళ్లి, గోడకేసి తిరిగి కూర్చున్నాడు.