క్రికెట్ పిచ్ మీద ఓడ క్యూ

ఆదివారం పొద్దున్నే పదిమంది ఆడవాళ్లను మైదానానికి రప్పించి, నాలుగు ప్రశ్నలు అడిగి, తొమ్మిదికల్లా ఇంటికెళ్లి ఉప్మా తినాలన్నది భానుశ్రీ పథకం. నలభై దాటిన ఆడవాళ్లు ఆటలకు ఎందుకు దూరంగా ఉంటారన్నది ఆమె పరిశోధన. మూడేళ్లుగా పుస్తకాలు తిరగేసిందే తప్ప ఒక్క మనిషినీ అడిగిన పాపాన పోలేదు. సోమవారానికి పది ఫారాలైనా నిండకపోతే పరిశోధన కట్టిపెట్టమని గైడు తేల్చి చెప్పేశాడు.

మనుషుల్ని పోగుచేసే పని పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్ రేవులో చేపలమ్మే అప్పలకొండమ్మకు అప్పగించడం తెలివైన పనే. ఫారంలో వేలిముద్ర వెయ్యాలని ముందే చెప్పడమే కొంప ముంచింది. ఈ దీవుల్లో ఫారం, వేలిముద్ర, పొద్దున్నే రమ్మనడం మూడూ ఒకచోట చేరాయంటే, క్యూ చివర వైజాగ్ ఓడ టికెట్ ఉండి తీరాలి. అప్పలకొండమ్మ ఇంకేమీ అడగలేదు. అయినవాళ్లందరికీ చెప్పింది. పడనివాళ్లకు కూడా చెప్పింది, పాపం.

ఏడు గంటలకల్లా మైదానంలో అరవైమంది తేలారు. అందరి చేతుల్లో దీవులవాళ్లకిచ్చే ఐలాండర్ కార్డులు, జిరాక్సులు. అచ్చమ్మ అయితే ఊరికెళ్లే సంచీ కూడా సర్దుకొచ్చింది. క్యూ సరిగ్గా క్రికెట్ పిచ్ మీదుగా సాగింది. ఆదివారాలు అక్కడ ఆడే కుర్రాళ్ల జట్టు కెప్టెన్ జితేంద్ర వచ్చి తప్పుకోమంటే ఒక్కరూ కదల్లేదు. ఓడ టికెట్ క్యూలో చోటు వదులుకునే మనిషి పోర్ట్‌బ్లెయిర్‌లో ఇంకా పుట్టలేదు.

భానుశ్రీ ఓడ లేదని, ఆటల గురించి అడగడానికే పిలిచానని చెప్పింది.

"సేపలొగ్గేసి ఒచ్చినాం గదే," అంది అప్పలకొండమ్మ.

క్యూ విడిపోయేదే. ఆ అమ్మాయి పరిశోధన అక్కడితో ముగిసేదే. జితేంద్ర నోరు ఊరుకోలేదు.

"ఖేల్నా హై తో ఖేలో ఆంటీ, ఆడితే ఆడండి, లేకపోతే గ్రౌండ్ ఖాళీ చెయ్యండి."

అప్పలకొండమ్మకు అది గట్టిగానే తగిలింది. రేవు నుంచి పడవ మోకు తెప్పించింది. లాగుడు పందెం, జట్టుకు పదకొండు మంది, గెలిచినవాళ్లకే ఆదివారాల మైదానం అంది. తనతో కలిపి పదిమందిని ఏరి, పదకొండో మనిషి కోసం భానుశ్రీకేసి తిరిగింది.

"నేనెప్పుడూ ఆడలేదు పిన్నీ. బళ్లో నన్ను స్కోరు రాయమనేవారు."

"ఎందుకాడనేదు?"

"ఎవరూ పిలవలేదు."

"ఇప్పుడు నాను పిలిసినాను గదా. మోకట్టుకో."

రోజూ చేపల గంపలు నెత్తిన పెట్టుకుని గుట్టలెక్కే ఆడవాళ్లు మోకు లాగితే ఏమవుతుందో జితేంద్రకు బురదలో కూర్చున్నాక తెలిసింది. భానుశ్రీ చేతులు బొబ్బలెక్కాయి. పుట్టాక అంత సంతోషం ఆమె ఎరగదు.

ఆ ఊపులో అరవైమందీ ఫారాలు నింపించుకుని వేలిముద్రలు వేశారు. ఆటలకు ఎందుకు దూరమయ్యారన్న ప్రశ్నకు అందరిదీ ఒకటే జవాబు, తమనెవరూ పిలవలేదని. రాస్తూ రాస్తూ భానుశ్రీ రెండుసార్లు కళ్లు తుడుచుకుంది. ఉప్మా సంగతి మరిచేపోయింది.

మరుసటి ఆదివారం జితేంద్ర జట్టు మైదానం గోడ దాకా వచ్చి, ఆటకు దూరమైనవాళ్ల ఫారాలు పదకొండు కావాలని అడిగింది.