తలో పిడికెడు కషాయం

ఆ రోజు ఉదయం గంట వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు లేవాలి. ఎండు చామంతి పూలు మరిగించి ఒక గ్లాసు తాగేయాలి. గిన్నె కడిగి బోర్లించి, ఏమీ ఎరగనట్టు తయారై బస్ స్టేషన్‌కు వెళ్ళాలి.

గంట ఆమె అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఏడుపు మొదలుపెడితే వీధి చివరి దుకాణదారు కూడా బయటికి వచ్చి చూసేవాడట. పెద్దయ్యాక ఆ గొంతు చక్కగా, స్పష్టంగా కుదిరింది. నాన్న పనిచేసే బస్ స్టేషన్‌లో ప్రకటనలు చదివే ఉద్యోగం ఖాళీ అయిందని తెలియగానే ఇంటిల్లిపాదీ అది నీ కోసమే పుట్టిందన్నారు. గొంతు పరీక్ష ఆ రోజే. చిక్కంతా ఆ రోజుతోనే వచ్చింది. నెలసరికి ముందు రోజులు గంటకు మహా కష్టంగా గడుస్తాయి. నడుము లాగేస్తుంది, తల పగిలిపోతుంది, ఎవరైనా "తిన్నావా" అన్నా ఏడుపొస్తుంది. ఇంతకు ముందు ఒక ఉద్యోగానికి వెళ్ళినప్పుడు అధికారి "కూర్చోండమ్మా" అన్నాడు. ఆ మర్యాదకే ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఇది కూడా పోతే ఇక ఏ ఆఫీసు గుమ్మమూ తొక్కనని తనలో తానే ఒట్టు పెట్టుకుంది.

ఆమె బాధ ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. కానీ ఎవరూ మాట్లాడరు. మగవాళ్ళకు వినపడే దూరంలో ఆ మాట ఎత్తకూడదన్నది నానమ్మ పెట్టిన నియమం. ఇల్లేమో అగ్గిపెట్టెంత. నాన్న ఎక్కడ కూర్చున్నా అన్ని గదులకూ దగ్గరే. అందువల్ల ఆ మాట ఎత్తే అవకాశం ఆ ఇంట్లో ఇంతవరకూ రాలేదు.

గంట మరుగుతున్న నీళ్ళలో పూలు వేస్తుండగా నాన్న బూట్లూ పాలిష్ డబ్బా పట్టుకుని వచ్చి వంటింటి గుమ్మం దగ్గర స్టూలు వేసుకున్నాడు. ఆమె గబుక్కున గిన్నె మీద మూత పెట్టి స్నానానికి వెళ్ళిపోయింది.

తర్వాత అమ్మ వచ్చి మూత తీసింది. పిల్ల చెప్పుకోలేక ఏవో పూలతో సరిపెట్టుకుంటోందని ఆమె ప్రాణం ఉసూరుమంది. అల్లం దంచి వేసింది. ఘాటెక్కుతుందేమోనని ఒక చెంబు నీళ్ళు పోసి బట్టలు ఆరేయడానికి వెళ్ళింది. అల్లం వాసనకు నానమ్మ వచ్చింది. కోడలు అల్లంతో చేతులు దులుపుకుందనుకుని పిడికెడు మెంతులూ పిడికెడు సోంపూ వేసి, చేదు విరగడానికి ఇంకో చెంబు నీళ్ళు పోసింది. ఆఖరున మేనత్త ఫోను చేతిలో పెట్టుకుని వచ్చింది. ఆమె ఫోనులో కనిపించిన వైద్యమంతా నమ్ముతుంది. దాల్చినచెక్కా, పుదీనా వేసి నీళ్ళు పోయబోతే గిన్నెలో చోటు లేదు. పెద్ద గిన్నెలోకి మార్చి మరీ పోసింది.

నాన్న బ్రష్షు ఆపి చూశాడు. "ఇది వంటిల్లా, మా బస్ స్టేషనా? ఒకళ్ళొస్తారు, ఒకళ్ళు పోతారు. ఏం వండుతున్నారేంటి?"

"ఏం లేదన్నయ్యా."

"ఏం లేనిదానికి వాసన ఇలా ఉంటే, ఏదన్నా ఉంటే ఎలా ఉండేదో."

"నీ బూట్లు నువ్వు తుడుచుకోరా," అంది నానమ్మ లోపలి నుంచి.

బస్ స్టేషన్‌లో క్యాంటీన్ మూతపడ్డప్పటి నుంచి సిబ్బంది వంతులవారీగా ఇంటి నుంచి టీ తెస్తున్నారు. ఆ రోజు వంతు నాన్నది. అమ్మకు అది గుర్తుంది. కానీ కషాయం చిన్న ఫ్లాస్కులో పట్టలేదు. సరే, గంట రోజంతా గుక్కెడు గుక్కెడు తాగుతుంది కదా అని దాన్ని పెద్ద ఫ్లాస్కులో పోసి, టీ వేరే డబ్బాలో పోద్దామని పాలు తేవడానికి వెళ్ళింది. ఈలోగా నాన్న వచ్చాడు. పెద్ద ఫ్లాస్కు నిండుగా, వెచ్చగా కనిపించింది. ఇందాకటి వాసనంతా అల్లం టీదేననుకుని, ఇంత పొద్దున్నే సిద్ధం చేసిన భార్యను మనసులో మెచ్చుకుంటూ దాన్ని చంకన పెట్టుకుని బస్సెక్కేశాడు.

గంట తల తుడుచుకుంటూ వచ్చేసరికి ముగ్గురూ ఖాళీ బల్లను చూస్తూ నిలబడి ఉన్నారు.

"నాన్నకి ఫోన్ చేసి అది తాగొద్దని చెప్పండి," అంది గంట.

"ఎందుకు తాగొద్దంటే ఏం చెప్పనే?" అంది అమ్మ.

"బాలేదని చెప్పు వదినా," అంది మేనత్త.

"బాలేనిది ఎందుకు కాచారంటే?"

నానమ్మ వైపు చూశారు. ఆవిడ గోడ వైపు చూసింది. జవాబు దొరకలేదు కాబట్టి ఎవరూ ఫోన్ చేయలేదు.

కషాయం లేకుండానే గంట వెళ్ళింది. బస్ స్టేషన్‌లో పరీక్షకు వచ్చినవాళ్ళ బెంచీ మీద, నడుముకు సంచి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా అద్దాల గది. అందులో మైకు, దాని చుట్టూ మేనేజరు మేడం, అకౌంటెంటు, ఇన్‌స్పెక్టరు. గొంతు పరీక్ష ఇచ్చి వెళ్ళిన అమ్మాయి కంగారులో మైకు ఆపడం మరిచిపోయింది. లోపలివాళ్ళు అది గమనించలేదు. నాన్న టీ పోయడానికి వెళ్ళాడు.

మేడం ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, ఏమీ అనలేదు. మేడం ఏమీ అనలేదు కాబట్టి అకౌంటెంటు కూడా ఏమీ అనకుండా గ్లాసు ఖాళీ చేశాడు. అకౌంటెంటు అంత ఇష్టంగా తాగాడు కాబట్టి ఇన్‌స్పెక్టరు రెండోసారి పోయించుకున్నాడు. కాసేపటికి సోంపూ, పుదీనా, అల్లం కలిసి తమ పని మొదలుపెట్టాయి. అకౌంటెంటు తేన్చిన తేన్పు స్టేషన్‌లోని అన్ని లౌడ్‌స్పీకర్లలోంచీ బయటికి వచ్చింది. చివరి ప్లాట్‌ఫారం దగ్గర ఒక డ్రైవరు కిందికి దిగి టైర్లు తట్టి చూసుకున్నాడు.

"ఏమయ్యా, ఏం కలిపావు ఇందులో?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కడుపు పట్టుకుని.

నాన్న ఫ్లాస్కు మూత తీసి వాసన చూశాడు. అందరికీ వినపడాలని స్పీకరు పెట్టి మరీ ఇంటికి ఫోన్ చేశాడు. ఆ మాటలు మైకు గుండా స్టేషనంతా పాకాయి.

"ఆ ఫ్లాస్కులో ఏముందే?"

"ఫోన్లో చెప్పేది కాదండీ," అంది అమ్మ.

"అంటే విషమా?"

"అయ్యో, అవేం మాటలు. ఇదిగో, మీ అమ్మగారితో మాట్లాడండి."

"నీకెందుకురా ఆ గొడవ?" అంది నానమ్మ.

"తాగింది మా పైవాళ్ళమ్మా. నా ఉద్యోగం పోయేట్టుంది, చెప్పు."

"తాగింది ఆడవాళ్ళా, మగవాళ్ళా?"

"ఇద్దరు మగవాళ్ళు, ఒక మేడంగారు."

"మగవాళ్ళకి దండగ. అది మన గంటకి నెలసరి ముందొచ్చే నొప్పికి కాచిందిరా. ఉద్యోగం రావాలని పాపం తలో పిడికెడు వేశాం."

నియమం పెట్టిన మనిషే దాన్ని మైకులో తుడిచేసింది. గంట బెంచీ కింద దూరడానికి చోటుందేమోనని చూసింది. అక్కడ ఎవరిదో సూట్‌కేసు ఉంది. ఇక ఈ ఉద్యోగమూ అయిపోయినట్టే. ఆమె చెప్పులు వేసుకుని లేచింది.

రెండడుగులు వేసేసరికి ఒక పెద్దావిడ ఆ అద్దాల గది విచారణ కిటికీ దగ్గరకు వచ్చి నాన్నను పిలిచింది. "బాబూ, ఆ కషాయంలో ఏమేం వేశారో కాస్త చెప్తావా? మా కోడలు ప్రతి నెలా మెలికలు తిరిగిపోతోంది." ఆమె వెనక పిల్లను ఎత్తుకున్న ఒకామె. ఆమె వెనక ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. కిటికీ ముందు వరస పెరిగి పెరిగి బస్సుల దారికి అడ్డం వచ్చింది. హారన్లు మోగాయి. ఇన్‌స్పెక్టరు మైకు అందుకుని "జరగండి" అనబోయి తేన్చాడు. ఎవరూ జరగలేదు.

మేడం నాన్న చూపించిన వైపు అద్దంలోంచి చూసింది. "నువ్వేనా గంటవి? రామ్మా, ఏదో ఒకటి చెప్పి వీళ్ళని పంపు."

గంట ఏడుపు ఆపుకుంటూ గదిలోకి వెళ్ళింది. నడుము లాగుతోంది. కానీ దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు. అందరికీ అన్నీ తెలిసిపోయాక భయపడటం కూడా దండగే అనిపించింది. మైకు ముందు కూర్చుంది.

"ప్రయాణికులకు మనవి. ఆ కషాయంలో నాలుగు చేతులు పడ్డాయి. ఎవరెంత వేశారో వాళ్ళకే తెలీదు, కాబట్టి దయచేసి మీ ఇంట్లో కాయకండి. వేడినీళ్ళ సంచి పెట్టుకుంటే కొంత హాయిగా ఉంటుంది. నెలనెలా పనులు ఆగిపోయేంత బాధ ఉంటే సిగ్గుపడకుండా డాక్టరుకి చూపించండి. నేనూ చూపించుకుంటాను. రెండో ప్లాట్‌ఫారం బస్సు బయలుదేరుతోంది. దారివ్వండి."

ఒక్క అక్షరం తడబడలేదు. జనం నవ్వుకుంటూ పక్కకు జరిగారు. బస్సు కదిలింది. ఆ తర్వాతే ఆమె ఏడ్చింది, అదీ మైకు ఆపేశాక.

మేడం తన కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుంది. "ఏడువు తల్లీ, ఫరవాలేదు. నేను ఇదే కుర్చీలో ఎన్ని నెలలు పళ్ళు బిగించి కూర్చున్నానో. ఆలస్యంగా డాక్టరు దగ్గరికి వెళ్ళాను, ముందే వెళ్ళాల్సింది. నువ్వు వెళ్ళొచ్చి పనిలో చేరు."

"అంటే ఉద్యోగం వచ్చినట్టేనా మేడం?"

"ఆ గొంతుని బయటికి పంపిస్తే ప్రయాణికులు నన్ను పంపించేస్తారు. ఆ కషాయం మాత్రం మళ్ళీ తేకండి."

తిరిగి వెళ్ళేటప్పుడు నాన్న మందుల దుకాణం ముందు ఆగి ఒక వేడినీళ్ళ సంచి కొన్నాడు. ఇంటి మలుపులో మెల్లగా అడిగాడు.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు తల్లీ?"

"నీకు వినపడకూడదని నాన్నా."

"వినపడుంటే ఎప్పుడో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి కదా."

ఆ వారమే తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ శ్రద్ధగా విని, పరీక్షలు చేసి, ఇది తగ్గించుకోదగ్గ బాధేనని చెప్పింది. వేసుకుంటున్న ఆకులూ పూలూ ఏవైనా సరే దాచకుండా చెప్పమంది. అమ్మ, నానమ్మ, మేనత్త ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. గంట మరుసటి సోమవారం పనిలో చేరింది.

ఇప్పుడు ఆ ఇంట్లో ఏ సంగతీ గుసగుసగా మాట్లాడరు. నాన్న అయితే "ఈ నెల నొప్పెలా ఉంది తల్లీ" అని వీధి గుమ్మంలోంచే అడుగుతున్నాడు కాబట్టి, పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకోవడం మొదలుపెట్టారు.