వాడుక వచ్చే ఏడాది

ఒక పెద్ద అడవిలో, చెరువు ఒడ్డున, వీరభద్రం అనే నక్క ఇంగ్లీషు కోచింగ్ సెంటర్ పెట్టాడు. అడవిలో ఇంగ్లీషు వచ్చినవాళ్లు లేరు కాబట్టి, ఆయనకు రాదని చెప్పగలిగినవాళ్లూ లేరు.

సెంటర్ నిండింది సింహం గారి కొత్త రూలు వల్ల. ఆపదలో ఉన్నవాళ్లు ఇంగ్లీషులో అడిగితేనే ఆయన ఆఫీసు సాయం పంపుతుందట. ఏటా చలికాలం కొరియా నుంచి వచ్చే కొంగలు, కిందటేడు తమ పిల్లను మొసలి పట్టుకుంటే తెలుగులో గొంతు చించుకున్నాయి. ఆఫీసులో ఎవరూ తలెత్తలేదు. వలస వచ్చిన చోటి భాష కష్టపడి నేర్చుకున్నందుకు వాటికి దక్కిన మర్యాద అది.

ఈసారి కొంగల పెద్ద సూన్‌జా అవ్వ వచ్చి, నడుం దాకా వంగి దండం పెట్టింది.

"సాయం అడిగే క్రియాపదం ఒక్కటి నేర్పండి సార్. ఉన్న పిల్లలనైనా దక్కించుకుంటాం."

"దాన్ని హెల్ప్ అంటారు. ఈ ఏడాది అర్థం చెబుతాను. వాడుక వచ్చే ఏడాది. దానికి ఫీజు చేపలు వేరే" అన్నాడు వీరభద్రం.

"వాడుక లేకుండా అర్థమెందుకు సార్?"

"పరీక్షకమ్మా."

సార్ పదం పలకగానే అందరూ లేచి, వంగి, అంతకంటే గట్టిగా పలకాలి. తెలుగు వినబడితే చెవులు మూసుకోవాలి. కొంగలు బుద్ధిమంతులు. పొద్దస్తమానం చెరువంతా హెల్ప్, హెల్ప్ అని మోగేది. మొదట్లో ఆఫీసు కోతులు పరిగెత్తుకొచ్చేవి. తర్వాత మానేశాయి.

ఒకరోజు పాఠం మధ్యలో, ఫీజుగా వచ్చిన చేప కడుక్కుందామని వీరభద్రం నీళ్లలో దిగాడు. మొసలి కాలు పట్టుకుంది.

"బాబోయ్, కాపాడండి" అని అరిచాడు.

"తెలుగు. సార్ మనల్ని పరీక్షిస్తున్నారు" అంది అవ్వ. కొంగలన్నీ రెక్కలతో చెవులు మూసుకున్నాయి.

ఈసారి "హెల్ప్" అని ప్రాణం పెట్టి అరిచాడు. ఆ కేక రెక్కల్లోంచి కూడా వినబడింది. కొంగలు లేచి, ముక్కులు నేలకానేలా వంగి, అంతకంటే గట్టిగా "హెల్ప్" అన్నాయి.

మొసలికే జాలేసింది. కాలు వదలకుండానే, "వీళ్లకు వాడుక ఎప్పుడు చెబుతావయ్యా?" అని అడిగింది.

"వచ్చే ఏడాది" అన్నాడు వీరభద్రం, అలవాటు కొద్దీ.

కడుపు నిండిన మొసలి ఆ చలికాలమంతా బురదలో పడి నిద్రపోయింది. కొంగ పిల్లలన్నీ క్షేమంగా పెరిగాయి. ఇదంతా కోచింగ్ మహిమేనని సింహం గారు సభ పెట్టి మరీ చెప్పారు.

నీతి: పాఠం సగమే చెప్పేవాడు చెరువుకు దూరంగా, మెట్టన సెంటర్ పెట్టుకోవాలి.