రాఘవులు గృహసభ్యత్వం

కుటుంబం అంటే ఏమిటన్న ప్రశ్నకు మానవజాతికి ఎట్టకేలకు జవాబు దొరికింది. ఒకే వైఫై కింద నిద్రపోయే పరికరాల సముదాయమే కుటుంబం. ఈ నిర్వచనం ఇచ్చినది ఇంటి పెద్దలు కాదు, న్యాయస్థానమూ కాదు. ‘ఇంటిల్లిపాది ప్లస్’ అనే తెలుగు సీరియళ్ల యాప్‌వారి గృహ నిర్ధారణ విభాగం.

కొన్ని దేశాల్లో ఇంట్లో టీవీ పెట్టుకోవాలంటే లైసెన్సు ఫీజు కట్టాలట. అమెరికాలో అలాంటి నిర్బంధాలు లేవు. ఇక్కడ టీవీ స్వేచ్ఛగా ఉంటుంది, ఇల్లే దాని దగ్గర అనుమతి తీసుకుంటుంది.

మేముండే కమ్మింగ్ ఊళ్లో మా వీధి చివర ఉండే పద్మిని ఇంట్లో ఒక మనిషికి ఆ అనుమతి రద్దయింది. ఆ మనిషి ఆమె భర్త రాఘవులు. వేరే రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో కాంట్రాక్టు ఉద్యోగం, నివాసమూ అక్కడే. వీలైనప్పుడు పగలంతా కారు నడుపుకుంటూ ఇంటికొస్తాడు. మిగతా రోజుల్లో వాళ్ల కాపురం భోజనాల వేళ జరుగుతుంది. ఇక్కడ ఈవిడ టీవీ ముందు కంచం పెట్టుకుంటుంది, అక్కడ అతను టాబ్లెట్ ముందు పెట్టుకుంటాడు. ఫోన్ స్పీకర్‌లో వన్, టూ, త్రీ అనుకుని ఇద్దరూ ఒకేసారి సీరియల్ నొక్కుతారు. అత్తగారి కుట్రకు ఒకేసారి నిట్టూరుస్తారు. మధ్యలో కారుతున్న ఇంటి కప్పు గురించీ, పిల్ల మార్కుల గురించీ, వీసా గురించీ మాట్లాడుకుంటారు. సీరియల్ లేకుండా నేరుగా మాట్లాడుకుని చూశారు గానీ, ప్రతిసారీ “ఇంకేంటి” దగ్గర ఆగిపోయారు.

ఓ సోమవారం రాఘవులు టాబ్లెట్ మీద సీరియల్‌కి బదులు నోటీసు వచ్చింది. ‘ఈ పరికరం పద్మిని గారి గృహానికి చెందినది కాదు.’

పద్మిని సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. నీరజ్ అనే గృహ నిర్ధారణ సహాయాధికారి ఎంతో మర్యాదగా రికార్డు తెరిచి, ఈ నెల ఆమె గృహసభ్యులెవరో చదివి వినిపించాడు. పద్మిని, కూతురు హంసిక, డెరిక్.

డెరిక్ ఏసీ బాగుచేయడానికి వచ్చిన మనిషి. వైఫై అడిగితే హంసిక ఇచ్చింది. (అతనికి మొదటి ఎపిసోడ్ చూడమని సిఫారసు కూడా వెళ్లింది. చూశాడో లేదో తెలియదు.)

“సార్ చివరిసారి ఇంటికి ఎప్పుడొచ్చారు మేడమ్?”

“పోయిన నెల. అయినా ఆయన నా హస్బెండ్ బాబూ.”

“రిలేషన్‌షిప్ మా సిస్టమ్‌లో ఉండదు మేడమ్. లొకేషన్ ఒక్కటే ఉంటుంది.”

ఇదే దంపతులు తాము దంపతులమేనని పెళ్లి ఫోటోలతో సహా వీసా ఆఫీసులో నిరూపించుకున్నారు. ప్రభుత్వం తృప్తి పడింది. ప్రభుత్వం లెక్కలో పద్మిని రాఘవులు మీద ఆధారపడిన వ్యక్తి. యాప్ లెక్కలో రాఘవులు పద్మిని మీద ఆధారపడిన పరికరం.

నీరజ్ దారులు చూపించాడు. నెలనెలా కొంత కట్టి రాఘవుల్ని ‘అదనపు సభ్యుడి’గా చేర్చుకోవచ్చు. లేదా అతని ప్రొఫైల్‌ని, చూసిన సీరియళ్ల చరిత్రతో సహా బయటికి పంపి, బెంటన్‌విల్‌ని వేరే గృహంగా ప్రకటించవచ్చు. (దీనికి ఇద్దరి సమ్మతీ అక్కర్లేదు, ఒకరు నొక్కితే చాలు. అభినందనల సందేశం వస్తుంది.) అదీ ఇష్టం లేకపోతే పరికరం ఇంటికొచ్చి, నియమిత కాలం ఇంటి వైఫై మీద నివసించాలి.

రాఘవులు కట్టేద్దామన్నాడు.

“కడితే మీరు ఎక్స్‌ట్రా అని నేను ఒప్పుకున్నట్టే కదండీ,” అంది పద్మిని.

“వాడి సిస్టమ్‌లో ఎక్స్‌ట్రా, పద్దూ. అంతే.”

“ఇప్పటికి వాడి సిస్టమ్‌లో.”

శుక్రవారం రాఘవులు టాబ్లెట్ తీసుకుని బయల్దేరాడు.

పద్మిని గుత్తివంకాయ వండి ఉంచింది. అతను బూట్లు విప్పేలోపే హంసిక టాబ్లెట్ లాక్కుంది. “ఫస్ట్ వైఫై, డాడీ. హగ్ లేటర్.” తెర మీద చక్రం తిరుగుతుంటే రాఘవులు ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ ఆఫీసరు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఉనికిని గుర్తించామనీ, పరిశీలన కొనసాగుతోందనీ వచ్చింది.

ఆదివారానికీ పరిశీలన కొనసాగుతూనే ఉంది. నియమిత కాలం ఎంతో భద్రతా కారణాల వల్ల చెప్పకూడదన్నాడు నీరజ్. సోమవారం ఆఫీసులో కనబడకపోతే మేనేజర్ ఒప్పుకోడు. (అతనికి కూడా లొకేషన్ ఒక్కటే ముఖ్యం.) కుటుంబం సమావేశమై నిబంధనలు మళ్లీ చదివింది. ఇంట్లో ఉండాల్సింది పరికరం. మనిషి ప్రస్తావన ఎక్కడా లేదు. రాఘవులు టాబ్లెట్‌ని సోఫాలో తను కూర్చునే చోట దిండుకు ఆనించి, బెంటన్‌విల్ వెళ్లిపోయాడు.

ఇప్పుడు పద్మిని సీరియల్ చూస్తూ, ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు తలుపు వెనక నిలబడి వింటున్నారో ఫోన్‌లో చెబుతుంది. అతను వింటాడు. వినే పనిలో పడి ఇంటి సంగతులు అడగడం మానేశాడు. చెప్పే పనిలో పడి ఆమె అవి చెప్పడం మానేసింది.

కొన్నాళ్లకు యాప్ నుంచి ఈమెయిల్ వచ్చింది. రాఘవులు గారు తమ గృహంలోనే నివసిస్తున్నట్టు నిర్ధారించామనీ, వారు గృహం విడిచి వెళ్లనంత కాలం ఈ నిర్ధారణ చెల్లుతుందనీ రాశారు.

మొన్న నేను వాళ్లింటికి వెళ్తే హంసిక తలుపు తీసింది. నాన్న ఎప్పుడొస్తారని అడిగాను.

“ఇంట్లోనే ఉన్నారు ఆంటీ,” అంది. “ఛార్జింగ్ అవుతున్నారు.”