పసుపు మూతి ఉక్కు

ఆ రోజు పొద్దున బీరయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చాయ్ తాగాలి, ఇనుప బజారుకు పోయి కొసన పసుపు రంగు పూసి ఉండే 'పసుపు మూతి' ఉక్కు తేవాలి, గజ్జెలు గుద్దే అచ్చు చెక్కడం మొదలుపెట్టాలి. బోనాలు ముంచుకొస్తున్నాయి. ఫలక్‌నుమాలోని ఆయన కార్ఖానాకు ఉన్న ఒకే ఒక్క పెద్ద గిరాకీ గోవర్ధన్. సాయంత్రం ఉక్కు చూడటానికి వస్తానన్నాడు. అది దొరకలేదంటే పని ఇంకో కార్ఖానాకు పోయినట్టే.

బజారులో దుకాణదారు చల్లగా చెప్పాడు. "ఆ రకం కంపెనీవోళ్లు బంద్ చేసిన్రు భాయ్. దాని బదులు గిది వాడుతున్రు, పట్కపో." కొసన నీలం రంగు పూసిన ముక్కొకటి సంచిలో పడేశాడు.

"నీలమా? మా బాపు పసుపు మూతి తప్ప ఇంకోటి ముట్టలే!"

"ఉక్కు చూడు భాయ్. రంగుతోని నీకేం పని?"

రంగుతో పనేమిటా! బీరయ్యకు ఒళ్లు మండిపోయింది. కడ్డీ కొసన ఉన్న రంగే దాని ఇంటిపేరని నమ్మే వంశం మరి.

ఇంటికొచ్చాడు గానీ కాలు ఒకచోట నిలవలేదు. ఉక్కును సానరాయికి ఆనిస్తే లేచే రవ్వలను బట్టి రకం తెలుస్తుంది. పసుపు మూతి రవ్వలు పొట్టిగా, ఎర్రగా, బద్ధకంగా రాలతాయి. అలాంటి పాత ఇనుము గల్లీలో ఎక్కడో ఉండకపోతుందా? ముందు భార్య శారదమ్మ కత్తిపీటను రాశాడు. తెల్లటి రవ్వలు జువ్వల్లా లేచాయి. కాదు. పక్కింటి నీలమ్మ గడ్డపార, కాదు. ఎదురింటి శ్రీహరిరావు గారి గేటు గడియను విప్పి తెచ్చి, రాసి, మళ్లీ బిగించాడు. అదీ కాదు. చివరికి వాకిట్లో కూరలమ్మే సక్కుబాయి అటు తిరగ్గానే ఆమె అరకిలో తూకం రాయిని ఎత్తుకొచ్చాడు. అనుమానం తీరక అటూ ఇటూ బాగా రాసి, ఏమీ ఎరగనట్టు తక్కెడలో పెట్టేశాడు.

మధ్యాహ్నానికి లొల్లి మొదలైంది. అరిగిపోయిన గడియ పట్టలేదు. తెరుచుకున్న గేటులోంచి నీలమ్మ బర్రె దూరి, శ్రీహరిరావు గారి వంకాయ మొక్కల్ని మొదలంటా మేసేసింది. పాపం, ఆయన సక్కుబాయి దగ్గర వంకాయలు కొనుక్కోవలసి వచ్చింది. అకౌంట్స్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి కదా, కొన్నవాటిని ఇంట్లో కాటా మీద మళ్లీ తూచాడు.

"అరకిలోకి ఇరవై గ్రాములు తక్కువేంటమ్మా? ఇన్నేళ్లూ ఇలాగే తూస్తున్నావా?"

"పోశమ్మ తల్లి మీద ఒట్టు సారూ!" సక్కుబాయి రాయి తిప్పి చూసింది. రెండు పక్కలా తళతళలాడుతోంది. గల్లీలో ఇనుమును అలా తళతళలాడించే మనిషి ఒక్కడే.

సాయంత్రానికి రాయితో సక్కుబాయి, వంకాయలతో శ్రీహరిరావు, బర్రెతో సహా నీలమ్మ కార్ఖానా మీదికొచ్చారు. సరిగ్గా అప్పుడే గోవర్ధన్ దిగాడు.

"ఏందన్నా గీ జాతర? ఉక్కు దొరికిందా, లేదా?"

ఇంతలో శారదమ్మ మొండి కత్తిపీటతో బయటికొచ్చింది.

"ఇంట్లది రాస్తివి, బయటిది రాస్తివి. సంచిల ఉన్న గీ ముక్క రాస్తివా?"

"అది నీలమే..."

ఆమె వినలేదు. తనే దాన్ని సానరాయికి ఆనించింది. రవ్వలు పొట్టిగా, ఎర్రగా, బద్ధకంగా రాలాయి.

"పొద్దుగాల నుంచి సంచిలనే పెట్టుకొని ఊరంత గోకినవా అన్నా?" గోవర్ధన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇగ మొదలువెట్టు."

కొత్త ఉక్కుతో ఆ కార్ఖానాలో ముందుగా తయారైంది సక్కుబాయి అరకిలో రాయి. దానికి బీరయ్య పసుపు రంగే పూశాడు.